పోయేవాడి మీద కోపం

2025 నవంబరు 18 రాత్రి ఢాకాలో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మనవాళ్ళు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయారు. 22 ఏళ్ళ తరవాత ఆ జట్టు మన మీద గెలిచింది. మ్యాచ్ అయిపోయాక మా ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి చిన్నాయనే లేచి టీవీ కట్టేసి, "ఇగ ఇప్పుడెవర్ని పొమ్మందాం బిడ్డా?" అన్నాడు.

దెప్పడానికి అనలేదు, నిజంగానే అడిగాడు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. అయిదు నెలల కిందట ఇదే గదిలో కూర్చుని "ఈయన పోతే తప్ప మనం బాగుపడం" అని గట్టిగా అన్నది నేనే. ఆ "ఈయన" అప్పటి మన జట్టు కోచ్ మనోలో మార్కెజ్. జులై 2న వెళ్ళిపోయాడు. మనం బాగుపడలేదు.

ఈ వారం రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. నాకు కోపం రావడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఎనిమిది మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచిన జట్టును చూసి కోపం రాకపోతే ఆ ఆట మీద ఇష్టం లేనట్టే. తప్పంతా ఆ కోపం వెళ్ళిన చోటులో ఉంది. వెళ్ళిపోతాడని అందరికీ తెలిసిపోయిన మనిషిని తిట్టడం చాలా తేలిక. ఆ తేలికపనిలో పడి, ఎక్కడికీ వెళ్ళకుండా అక్కడే కూర్చుని ఉన్నవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు అడగడం మానేశాం.

గచ్చిబౌలిలో ఆ కుర్రాడు

సరిగ్గా ఏడాది కిందట, 2024లో అదే నవంబరు 18న, చిన్నాయనా నేనూ గచ్చిబౌలి స్టేడియంలో ఉన్నాం. మలేషియాతో మ్యాచ్. మా వెనక వరసలో పద్దెనిమిదేళ్ళుంటాయేమో, ఒక కుర్రాడు హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ వేసుకొచ్చాడు. పసుపు రంగు ఉతికి ఉతికి వెలిసిపోయింది. జట్లు వార్మప్‌కి వచ్చినప్పుడు అందరూ ఆటగాళ్ళ పేర్లు అరుస్తుంటే వాడొక్కడే "మనోలో! మనోలో!" అని గొంతు చించుకున్నాడు. నేనూ కలిశాను.

ఎందుకు కలిశానో ఈ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో, స్టేడియం అంతా కేరళ వాళ్ళతో నిండి ఉన్న రాత్రి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన ఆ గోలు, తరవాత మా గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన మూడు పెనాల్టీలు. రెండేళ్ళ ముందు పట్టికలో అట్టడుగున ఉన్న జట్టది. దాన్ని పైకి తెచ్చినవాడు ఈ బార్సిలోనా పెద్దమనిషి. లిస్టన్, ఆకాశ్ మిశ్రా, యాసిర్ లాంటి పిల్లల్ని ఆడించి, తప్పు చేసినా మళ్ళీ ఆడించి తెచ్చాడు. మా నగరం ఫుట్‌బాల్‌లో మళ్ళీ తలెత్తుకున్నది ఆ ఒక్క రాత్రే. ఇప్పుడా జట్టు కూడా లేదు, పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. వాడి ఒంటి మీది జెర్సీకి జట్టు లేదు.

ఆ మ్యాచ్ 19వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బాక్సు దాటి ముందుకొచ్చి బంతి అందుకోలేకపోయాడు. మలేషియా ఆటగాడు పావ్లో జోస్వె ఖాళీ గోల్లోకి తోసేశాడు. 39వ నిమిషంలో కార్నర్ నుంచి రాహుల్ భేకే తలతో సమం చేశాడు. ఆ తరవాత యాభై నిమిషాలు మన ఆటలో ఏమీ లేదు. బంతి వెనక్కి, పక్కకి, మళ్ళీ వెనక్కి. 1-1. అంతకు రెండు నెలల ముందు అదే గడ్డ మీద మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. మార్కెజ్ తలొంచుకుని లోపలికి వెళుతుంటే ఈలలు మొదలయ్యాయి. వెనక్కి తిరిగి చూశాను. ఆ కుర్రాడు ఈల వెయ్యలేదు, పేరూ పిలవలేదు. చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ ఏడాది మన జట్టు పదకొండు మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవలేదు. అందులో ఆయనవి నాలుగే, మిగతావి అంతకు ముందు కోచ్ స్టిమాక్ కాలంలోవి. ఇది న్యాయంగా చెప్పాలి. కానీ స్టేడియంలో కూర్చున్నవాడికి ఆ లెక్క గుర్తు రాదు, ఎదురుగా నిలబడ్డ మనిషే కనిపిస్తాడు.

రెండు పడవలు

నా అసలు అభ్యంతరం మొదటినుంచీ ఒకటే. 2024 జులైలో దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఆయన్ని కోచ్‌గా పెట్టినప్పుడు చెప్పిన ఏర్పాటు ప్రకారం 2024-25 సీజనంతా ఆయన ఎఫ్‌సీ గోవా క్లబ్బుకూ కోచే, దేశానికీ కోచే. సీజన్ అయిపోయాక దేశానికి మాత్రమే. అంటే ఆసియా కప్ క్వాలిఫయర్లు మొదలయ్యే ఏడాదికి మనకు దొరికింది సగం మనిషి.

ఎందుకలా చేశారో ఎవరూ వివరంగా చెప్పలేదు. స్టిమాక్‌ను మధ్యలో తీసేసినందుకు దాదాపు నాలుగు లక్షల డాలర్లు పరిహారం కట్టుకోవాల్సి వచ్చిందని అప్పట్లో వార్తలొచ్చాయి. జీతం భారం తగ్గుతుందనుకున్నారేమోనని నా అనుమానం, అంతకు మించి నాకేం తెలియదు.

దీనివల్ల ఆట మీద ఏ ప్రభావం పడిందని అడిగితే, ఒక ఉదాహరణ చెబుతాను. మార్కెజ్ పనితనం రోజువారీది. హైదరాబాద్‌లో ఆయన పిల్లల్ని తయారుచేసింది ప్రతిరోజూ మైదానంలో ఉండి, నెలల తరబడి. దేశపు కోచ్‌కి ఆ వీలుండదు. ఏడాదికి నాలుగైదు సార్లు, ఒక్కోసారి పది రోజులు ఆటగాళ్ళు చేతికొస్తారు. మిగతా రోజుల్లో ఆయన చేయగలిగింది చూడటం. పదమూడు జట్ల ఆటా చూడాలి, ఎవరిలో ఏముందో వెతకాలి. ఆ రోజుల్లో ఈయన గోవాను గెలిపించే పనిలో ఉన్నాడు. మనసు పెట్టి చేశాడు కూడా. గోవా లీగులో రెండో స్థానంలో నిలిచింది, మే 3న భువనేశ్వర్‌లో జంషెడ్‌పూర్ మీద 3-0తో సూపర్ కప్ గెలిచింది. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒక పడవ ఒడ్డు చేరింది, రెండోది మునిగింది. ఇది చూశాక ఆయనకు పని రాదని ఎలా అంటాం?

ఇంకో సంగతి ఉంది. దీన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను. మమ్మల్ని విజేతల్ని చేసిన ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టినవాడు ఓగ్బెచె, నైజీరియా వాడు, అప్పటికే 37 ఏళ్ళవాడు. మన లీగులో దాదాపు ప్రతి జట్టుకూ ముందు నిలబడేవాడు విదేశీయుడే. క్లబ్ కోచ్‌గా మార్కెజ్ కూడా ఆ పద్ధతి మీదే గెలిచాడు. దేశపు కోచ్ కుర్చీలో కూర్చునేసరికి ఓగ్బెచె లేడు, ఆ చోట ఆడటానికి అలవాటుపడ్డ భారతీయుడూ లేడు. అందుకే 2025 మార్చిలో, రిటైరై తొమ్మిది నెలలైన సునీల్ ఛెత్రీని నలభై ఏళ్ళ వయసులో వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆ పిలుపు మీద ఎన్ని తిట్లు పడ్డాయో! నేనూ తిట్టాను. కానీ ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన భారతీయుడు ఛెత్రీయే. కోచ్ ఇంకెవర్ని పిలవాలి? అంత పెద్ద దేశంలో ఆ ప్రశ్నకు జవాబు లేకపోవడం ఒక్క మనిషి ఎనిమిది మ్యాచ్‌లలో చేసిన పని కాదు.

షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0తో గెలిచాం. 489 రోజుల తరవాత వచ్చిన గెలుపు. ఆరు రోజులకే అక్కడే బంగ్లాదేశ్‌తో 0-0. మ్యాచ్ తరవాత మార్కెజ్ విలేకరుల ముందు కూర్చుని తనకు చాలా కోపంగా ఉందని, నిరాశగా ఉందని దాచుకోకుండా చెప్పాడు. ఆ ముఖం చూసినప్పుడే నాకు అనిపించింది, ఈయన ఇక ఎక్కువ రోజులు ఉండడని. మర్నాడు ఆఫీసులో ఇదే మాటంటే, నాతో పాటు ఫుట్‌బాల్ చూసే ఒకే ఒక్క సహోద్యోగి, మలప్పురం అబ్బాయి, "ఉండడని తెలిసినప్పుడు ఇప్పుడే పంపేయొచ్చుగా" అన్నాడు. జూన్ దాకా మ్యాచ్‌లు లేవు, రెండు నెలలకు పైగా టైముంది. అతను అన్నదాంట్లో నిజముంది. ఎవరూ ఏమీ చెయ్యలేదు.

రహీం సాబ్ సంగతి

రెండు పడవల మాట నేనెప్పుడెత్తినా చిన్నాయన ఒప్పుకోడు. ఆయనది అమ్ముగూడ దగ్గర. పాతకాలపు ఫుట్‌బాల్ ఆటగాడు బలరామ్ పుట్టిన ఊరి పక్క. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, డెబ్భైల్లో లాల్ బహదూర్ స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదంటాడు. "రహీం సాబ్ గూడ రెండు కొలువులు జేసిండు గద. ఆయనకు లేని అడ్డం ఈయనకెందుకొచ్చింది?" అని ఆయన వాదన.

కొట్టిపారెయ్యలేని వాదన అది. సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో చనిపోయేదాకా దేశపు కోచ్. అదే కాలంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ కోచ్. పైగా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. దేశానికి 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చాయి. బయటి దేశాల సంగతి చూసినా, గుస్ హిడింక్ నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీకి కోచ్‌గా ఉంటూనే ఆస్ట్రేలియాను 2006 ప్రపంచ కప్‌కు తీసుకెళ్ళాడు. 1974 తరవాత వాళ్ళకదే మొదటిసారి. కాబట్టి రెండు పనులు చేసినవాడు ఓడిపోయి తీరాలని ఏమీ లేదు.

దీని మీద చిన్నాయనతో చాలాసార్లు వాదించాను. మొదట్లో "ఆ కాలం వేరు" అనేదాన్ని, అది జవాబు కాదని నాకే తెలుసు. ఇప్పుడు నాకు తోచేది ఇది. రహీం సాబ్‌కు ఆ రెండు పనులూ ఒకే పని. తన పోలీసు జట్టులో ఆడేవాళ్ళలోంచే దేశానికి ఆడేవాళ్ళు వచ్చారు. పొద్దున తన మైదానంలో నేర్పింది సాయంత్రం దేశం జట్టులోకి పోయేది. ఊళ్ళో ఏ బడిలో ఏ పిల్లవాడు బాగా ఆడుతున్నాడో ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆ టోర్నమెంట్లు నడిపే సంఘమూ ఆయన చేతిలోదే. మార్కెజ్‌కు గోవా ఒక ప్రపంచం, దేశం ఇంకో ప్రపంచం. ఒకదానిలో ఆయన చేసిన కష్టం రెండోదానికి పెద్దగా ఉపయోగపడలేదు.

రెండో తేడా ఇంకా పెద్దది. రహీం సాబ్ రేపు ఉంటాడా ఉండడా అని ఎవరూ అడగలేదు. జకార్తాలో 1962 సెప్టెంబరులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించే నాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి జూన్‌లో పోయాడు. ఆయనా పోయేవాడే. కానీ కుర్రాళ్ళు ఆయన ముఖం చూసి ఆడారు. ఇక్కడికొచ్చేసరికి చిన్నాయన గొంతు మారిపోతుంది, వాదన ఆగిపోతుంది. ఆ తరవాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల బంగారం మనకు రాలేదు.

ఆ మూడు వారాలు

జూన్ 4న థాయిలాండ్ చేతిలో 0-2. (2019 ఆసియా కప్‌లో అదే థాయిలాండ్‌ను 4-1తో కొట్టిన జట్టు మనది.) జూన్ 10న హాంకాంగ్‌తో మ్యాచ్ వచ్చే నాటికే ఆయన మానేస్తున్నాడన్న మాట అంతటా వినపడుతోంది. కై తక్ స్టేడియంలో నలభై వేలకు పైగా జనం. ఆషిక్ ముందు గోలు దాదాపు తెరిచి ఉంది, బయటికి కొట్టాడు. ఇంజురీ టైమ్‌లో మన గోల్‌కీపర్ విశాల్ కైత్ బంతికోసం దూకి ఎదుటివాడిని గుద్దాడు. పెనాల్టీ. స్టెఫాన్ పెరేరా కొట్టాడు. 0-1.

ఆ రోజు అవతలి బెంచీలో ఉన్నవాడు ఆష్లీ వెస్ట్‌వుడ్. బెంగళూరుకు రెండు ఐ-లీగులు గెలిపించి వెళ్ళినవాడు. అంతకు ముందు ఏడాది గువాహటిలో మనల్ని 2-1తో ఓడించిన అఫ్ఘానిస్తాన్‌కూ ఆయనే కోచ్. మన ఆట లోతుపాతులు తెలిసినవాడు రెండు దేశాల తరఫున వచ్చి మనల్ని ఓడించాడు. మన దగ్గర ఉన్నప్పుడు అతనికి తెలిసినవి మన సమాఖ్య ఎప్పుడైనా రాసి పెట్టుకుందా? ఈ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. అప్పుడు నాకు తెలిసిందల్లా మార్కెజ్ పోవాలనే. గ్రూపులో అట్టడుగున ఉన్నాం, ఈయన ముఖం ఇక చూడలేను.

జూన్ 10 నుంచి జులై 2 దాకా ఆ మూడు వారాలు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. కోచ్ పేరుకు ఉన్నాడు. మనం రోజూ పొద్దున లేచి "ఇంకా పోలేదా?" అనుకున్నాం. ఆయన పోతే ఎవరొస్తారు, ఎన్నాళ్ళకొస్తారు, వచ్చినవాడి చేతికి ఏమిస్తారు అన్నది మన మాటల్లోకి రాలేదు. చివరికి ఇద్దరూ అనుకునే విడిపోయారని ఒక ప్రకటన వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. అత్త మీద కోపం దుత్త మీద తీరిపోయింది.

కోచ్ వెంగర్ ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌ను వదిలినప్పుడు ఇలా కాలేదు. అంతకు ముందు రెండేళ్ళు ఆయన్ని పొమ్మని బ్యానర్లు పట్టుకున్న జనమే, 2018 ఏప్రిల్‌లో వెళ్ళే సంగతి ప్రకటించాక ఆఖరి హోమ్ మ్యాచ్‌లో లేచి నిలబడి పంపించారు. తేదీ తెలిస్తే మనసు కుదురుకుంటుంది. తేదీ చెప్పకుండా నాన్చితే కోపం రోజురోజుకూ పులిసిపోతుంది. నాన్చేది ఎక్కువసార్లు కోచ్ కాదు. కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళు.

అయినా ఒక సందేహం నన్ను వదలడం లేదు. అభిమాని పని ఇదేనా? సమాఖ్య లెక్కలు అడగడం, ఒప్పందాలు చదవడం నా వల్ల అవుతుందా? రోజంతా పనిచేసి సాయంత్రం రెండు గంటలు ఆట చూడటానికి కూర్చుంటే ఎదురుగా కనిపించేది కోచే. గోలు పడితే కెమెరా కూడా ఆయన ముఖమే చూపిస్తుంది. సమాఖ్య గదిలో కెమెరా ఉండదు. నా తిట్టులో లెక్కలేం లేవు, అది బాధ. బాధపడేవాళ్ళని "సరైన చోట బాధపడండి" అనడం కూడా ఒక రకం దబాయింపే. ఇది నేను ఒప్పుకుంటాను.

కానీ తరవాత జరిగింది చూడండి. మార్కెజ్ వెళ్ళిన తొమ్మిది రోజులకు, జులై 11న, ఐఎస్ఎల్ నిర్వాహకులు 2025-26 సీజన్‌ను ఆపేశామన్నారు. 2010లో సమాఖ్యతో పదిహేనేళ్ళకు రాసుకున్న ఒప్పందం 2025 డిసెంబరుతో ముగుస్తుందని ఆ రోజు నుంచే అందరికీ తెలుసు. పదిహేనేళ్ళ ముందు తెలిసిన తేదీ! నవంబరు చివరికొచ్చినా లీగు మొదలవలేదు. 2023 జులైలో ప్రపంచ (ఫిఫా) ర్యాంకుల్లో 99వ స్థానంలో ఉన్న జట్టు, మార్కెజ్ వెళ్ళిన వారానికే 133కు జారింది. ఆగస్టు 1న కొత్త కోచ్‌గా ఖాలిద్ జమీల్ వచ్చాడు, కొద్ది రోజుల్లోనే జంషెడ్‌పూర్ వదిలి పూర్తిగా దేశానికే పనిచేశాడు. సగం మనిషి కాదు, నేను కోరుకున్న నిండు మనిషి. మధ్య ఆసియా వాళ్ళ టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. ఎంత సంబరపడ్డానో. అక్టోబరు 14న ఫతోర్డాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి ఆసియా కప్ దారి మూసుకుపోయింది.

ఫతోర్డా. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన మైదానం. ఎనిమిది రోజుల తరవాత, అక్టోబరు 22న, అదే మైదానంలో గోవా జట్టు సౌదీ నుంచి వచ్చిన అల్ నస్ర్ మీద ఆడి 1-2తో ఓడింది. ఓడినా కళ్ళప్పగించి చూసిన ఆట. బెంచీ ముందు నిలబడి చేతులూపుతున్నది మార్కెజ్. చిన్నాయన టీవీ దగ్గరికి జరిగి, "ఈయన మనోడే గద" అన్నాడు. నేనేమీ అనలేదు.

ఇప్పటికే ఖాలిద్ మీద మొదలైంది. ఢాకా మ్యాచ్ అయిన గంటలోపే నాకు తెలిసిన ముగ్గురు "ఈయన్నీ పంపేయాలి" అన్నారు. 2026 మార్చి 31న హాంకాంగ్ ఇక్కడికి రావాల్సి ఉంది, గెలిచినా ఓడినా మనకు ఒరిగేదేం లేని మ్యాచ్. ఆలోగా నేను ఒక పని మొదలుపెట్టాను. మార్కెజ్‌ను ఏ షరతుల మీద తీసుకున్నారు, ఏ షరతుల మీద పంపారు, ఆయన వెళ్ళే ముందు జట్టు గురించి రాతపూర్వకంగా ఏమైనా ఇచ్చాడా, ఇస్తే అది ఖాలిద్ చేతికి చేరిందా అని నాలుగు ప్రశ్నలు రాసి సమాఖ్యకు పంపాను. జవాబు వస్తుందన్న నమ్మకం పెద్దగా లేదు. చిన్నాయన ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "అయిదోది గూడ రాయి బిడ్డా" అన్నాడు. "అమ్ముగూడలో ఇప్పుడు పిల్లలు ఆడేటందుకు గ్రౌండ్ ఏది అని."

రాశాను.